తెరమీది డబ్బు

చలనచిత్రములందు కనబడు రూపాయితో పిడికెడు బియ్యమైనను కొనజాలము. అది కథ నడచుటకై నటుని చేతికిచ్చిన వస్తువు మాత్రమే. ఐనను ప్రేక్షకుని కన్ను దానినే వెంబడించుచుండును. దానికా విలువ యెక్కడిది? దానిపై ముద్రించిన అంకెవలన వచ్చినది కాదు. ఒక చేతినుండి మఱియొక చేతికి పోవు తీరువలన వచ్చినది.

ఇందుకు 1975లో వెలువడిన ‘దీవార్’ అను హిందీ చిత్రము చక్కని నిదర్శనము. సలీం–జావేద్‌లు కథ కూర్పగా యశ్ చోప్రా దర్శకత్వము వహించిన ఈ చిత్రము, మఱుసటి యేడు ‘మగాడు’ అను పేర తెలుగులోనికిని వచ్చినది. అందు విజయ్ అను బాలుడు బూట్లకు మెఱుగుపెట్టి పొట్ట పోసికొనుచుండును. పని చేయించుకొన్న పెద్దమనిషి కూలిడబ్బు విసరివేయును. బాలుడు దానిని ముట్టడు. తాను బిచ్చగాడను కాననియు, తీసి చేతికిమ్మనియు కోరును. చేతికి వచ్చినప్పుడే అది కూలి; నేలపై నున్నంతసేపు అవమానమే. ఇంత చిన్న వస్తువుచేత ఇంత పెద్ద మాట చెప్పించుట మెచ్చదగిన నేర్పు.

ఆ బాలుడే పెద్దవాడై బొంబాయి ఓడరేవులో కూలిపని చేయుచు, దొంగసరకుల వ్యాపారి దావర్ ఎదుట నిలుచును. దావర్ నోట్లకట్టను బల్లపై విసరును. విసరిన సొమ్మును తాను నేటికిని ఎత్తనని విజయ్ చెప్పును. అమితాబ్ బచ్చన్ ఆ మాట పలుకగా ప్రేక్షకుడు పొంగిపోవును.

ఇక్కడనే మనము కొంచె మాగవలెను. మొదటి సొమ్ము కష్టార్జితము. ఇచ్చిన తీరు మాత్రమే చెడ్డది. రెండవ సొమ్ము వచ్చిన త్రోవయే చెడ్డది. ఎంత మర్యాదగా చేతికందించినను దాని మైల పోదు. విజయ్ తీరును ప్రశ్నించెను గాని త్రోవను ప్రశ్నింపడయ్యెను. ఆత్మగౌరవమే ధర్మమని భ్రమించుటయే అతని పతనమునకు మూలము. చిత్రకర్త లీ భేద మెఱుగనివారు కారు. కుమారుని సంపాదన యెట్టిదో తెలియగానే తల్లి ఆ భోగభాగ్యములను విడిచి చిన్నకొడుకుతో ఇల్లు వెడలును. మన నోట నానినది కుమారుని పలుకు. మనసున నాటవలసినది తల్లి నడక.

ఈ రెండు పాఠములును మన యిండ్లకే చెందినవి. పనిమనిషి చేయి తగులకుండ జీతమును పైనుండి జాఱవిడుచు గృహిణులు నేటికిని లేకపోలేదు. వారు బూట్ల బాలుని చూడవలెను. ఇక 1961 నాటి చట్టము నిషేధించిన కట్నమును ఎవరును విసరివేయరు. పళ్లెరములో నుంచి, తాంబూలముతో, రెండు చేతుల నందింతురు. అందించు తీరు ఎంత ముచ్చటగా నున్నది! త్రోవ మాటయేమి? ఆ పళ్లెరమును కాదని లేచిపోగల తల్లి మన పెండ్లిపందిళ్లలో కనబడుట యెన్నడో!