ఎనిమిది సెకన్ల వయొలిన్

మెలోట్రాన్ అనే కీబోర్డు మీద ఏ స్వరమూ ఎనిమిది సెకన్లకు మించి బతకదు. మీట నొక్కి పట్టుకుంటే వయొలిన్లు మోగుతాయి, మోగుతాయి, ఉన్నట్టుండి టక్కున ఆగిపోతాయి. మెల్లగా సన్నగిల్లడం లాంటి మర్యాదలేవీ ఉండవు. వేలు ఇంకా మీట మీదే ఉంటుంది, నాదం మాత్రం ఉండదు. ఆర్గాన్ వాయించిన చేతులకు ఇది మొదటి దెబ్బ.

కారణం పెట్టె మూత తీస్తే కనిపిస్తుంది. ప్రతి మీట కిందా ఒక అయస్కాంత టేపు ఉంటుంది. అది చుట్ట కాదు, రెండు కొనలున్న పట్టీ. ఎవరో వాద్యకారుడు ఎప్పుడో స్టూడియోలో వాయించిన ఒకే ఒక్క స్వరం దానిమీద ఉంటుంది. మీటల వరుస అడుగున ఈ చివరి నుంచి ఆ చివరి దాకా ఒక ఉక్కు కడ్డీ ఆగకుండా తిరుగుతుంటుంది. మీట నొక్కగానే ఒక చిన్న చక్రం టేపును ఆ కడ్డీకి అదుముతుంది, ఒక మెత్త దాన్ని శబ్దం చదివే హెడ్‌కు ఆనిస్తుంది. టేపు కదులుతుంది, స్వరం పలుకుతుంది, వాడిన టేపు కింది అరలోకి జారుతుంది. వేలు తీస్తే స్ప్రింగు దాన్ని మళ్లీ మొదటికి లాగేస్తుంది. 1970లో వచ్చిన ఎం400 మోడల్లో 35 మీటలు, అంటే 35 టేపులు, 35 హెడ్లు. ఒక్కో టేపు వెడల్పు 3/8 అంగుళం. అందులోనే పక్కపక్కన మూడు ట్రాకులు. ఎక్కువ యంత్రాల్లో వయొలిన్లు, ఫ్లూట్, సెల్లో ఉండేవి.

టేపు రెండు కొనలూ అతికించి లూపు చేస్తే ఈ ఎనిమిది సెకన్ల బాధ తప్పేది కదా అనిపిస్తుంది. తప్పేది, కానీ అంతకంటే విలువైనది పోయేది. కమాను తీగను తాకే క్షణంలోని గరగర, ఊపిరి ఫ్లూట్ రంధ్రాన్ని తాకినప్పుడు వచ్చే చిన్న ఉఫ్ - వాద్యాన్ని చెవి గుర్తుపట్టేది చాలావరకు ఈ ఆరంభాన్ని బట్టే. తిరుగుతూ ఉండే లూపులో మీట నొక్కినప్పుడు స్వరం ఏ మధ్యలో దొరుకుతుందో తెలియదు. పట్టీ అయితే ప్రతిసారీ మొదటినుంచే మొదలవుతుంది. 1970ల్లో డేవ్ బైరో అనే అమెరికన్ లూపులతోనే బైరోట్రాన్ అనే యంత్రం చేశాడు. కొద్ది యంత్రాలు తయారయ్యాక అది ఆగిపోయింది.

కాబట్టి వాయించేవాళ్లే దారి వెతుక్కున్నారు. స్వరసమూహం ఒకటి పట్టుకున్నప్పుడు అన్ని వేళ్లూ ఒకేసారి దించరు, ఒకేసారి ఎత్తరు. ఎనిమిది సెకన్లు నిండేలోగా ఒక వేలు తీసి అదే సమూహంలోని మరో స్వరం మీద వేస్తారు, తర్వాత రెండోది, తర్వాత మూడోది. చెయ్యి మీటల మీద పాకుతూ పోతుంది. వినేవాళ్లకు మాత్రం తెగని తీగలాంటి నాదం అందుతుంది, పైగా లోపల స్వరాలు చోటు మార్చుకుంటుంటే అది నిలకడగా ఉండక కదులుతున్నట్టుంటుంది. త్వరగా వాయించడం కుదరదు. టేపు కదలడానికి క్షణం పడుతుంది, వెనక్కి పోవడానికి ఇంకో క్షణం. పూర్తిగా వెనక్కి పోకముందే మళ్లీ నొక్కితే స్వరం మధ్యలోంచి పలుకుతుంది. మీటను ఎంత గట్టిగా నొక్కారన్నది కూడా వినబడుతుంది. మెత్త సరిగా ఆనకపోతే స్వరం మసకబారుతుంది. యంత్రాన్ని సిద్ధం చేసేవాళ్లు ప్రతి మీట కింది మరనూ విడివిడిగా బిగించి సరిచేసేది అందుకే.

శ్రుతిని పైకీ కిందికీ జరిపే గుండీ ఒకటుంది. కానీ అది మోటారు వేగాన్నే మారుస్తుంది కనుక అన్ని మీటలూ కలిసే కదులుతాయి. మన గమకానికి ఇది ఎందుకూ పనికిరాదు. ఒక స్వరం నుంచి ఇంకో స్వరానికి జారే వీలే లేదు. నిలిపి ఉంచిన స్వరాల మీద కట్టే పాశ్చాత్య సంగీతానికే ఇది సరిపడింది.

ఇక ఆ నాదం విషయం. ఈ రోజు కీబోర్డులో చాలాసార్లు ఒకే రికార్డింగును మూడు నాలుగు మీటలకు సాగదీస్తారు. దాంతో పై స్వరానికి పోయేకొద్దీ కంపం వేగం పెరుగుతుంది, కింది స్వరానికి దిగేకొద్దీ మందగిస్తుంది. మెలోట్రాన్‌లో ప్రతి మీటకూ వేరే రికార్డింగు. ఒక్కో టేపులో మూడు వయొలిన్లు కలిసి పలికితే, స-గ-ప కలిపి నొక్కినప్పుడు తొమ్మిది వయొలిన్లు. ఒక్కోదాని కంపం ఒక్కో తీరు, ఒకటి కాస్త గట్టిగా, ఒకటి శ్రుతికి వెంట్రుకవాసి కింద. దానికి తోడు టేపు సహజంగా పై పౌనఃపున్యాలను కొంత తినేస్తుంది, మోటారు కొద్దిగా ఊగుతుంది. తొలి ఎం400ల్లో ఎక్కువ మీటలు ఒకేసారి నొక్కితే మోటారు బరువుకు లొంగేది, బ్యాటరీలు అయిపోతున్న టేప్‌రికార్డర్‌లో పాట సాగినట్టు మొత్తం నాదం కిందికి కుంగేది. అసలు వయొలిన్ బృందంతో పోలిస్తే ఇది నాసి నకలు. అయినా ఆ నకలులో ఏ బృందం దగ్గరా లేని దిగులు ఒకటుంది. దాని విలువంతా అక్కడే ఉందని నా అభిప్రాయం.

దీన్ని తయారుచేసినవాళ్ల ఉద్దేశం మాత్రం నకలు తీయడమే. కాలిఫోర్నియాలో హ్యారీ చాంబర్లిన్ తను ఆర్గాన్ వాయించి టేపు మీద రికార్డు చేసుకుంటూ ఉండగా ఆలోచన తట్టింది: రికార్డయిన స్వరాన్నే మీటకు కట్టేస్తే? 1940ల చివర్లో తొలి యంత్రం చేశాడు. ఆయన దగ్గర అమ్మకాలు చూసే బిల్ ఫ్రాన్సెన్ 1962లో రెండు యంత్రాలు పట్టుకుని ఇంగ్లండ్ వెళ్లాడు. ఒకేలా ఉండే 70 టేపు హెడ్లు ఎవరు చేసిపెడతారని వెతికితే బర్మింగ్‌హామ్‌లో బ్రాడ్‌మాటిక్ అనే చిన్న సంస్థ, దాన్ని నడిపే బ్రాడ్లీ సోదరులు ముగ్గురు దొరికారు. ఈ యంత్రం వేరొకరిదన్న ముక్క ఫ్రాన్సెన్ వాళ్లకు చెప్పలేదు. చాంబర్లిన్‌కు తెలిశాక జరగాల్సిన గొడవ జరిగి, చివరకు డబ్బు ఒప్పందంతో సద్దుమణిగింది. ఈలోగా 1963లో మెలోట్రాన్ మార్క్ 1, మరుసటి ఏడు మార్క్ 2 వచ్చేశాయి. బ్యాండ్ నాయకుడు ఎరిక్ రాబిన్సన్, టీవీ ఇంద్రజాలికుడు డేవిడ్ నిక్సన్ పెట్టుబడిలో చెయ్యేశారు.

మార్క్ 2 బరువు దాదాపు 160 కిలోలు. పక్కపక్కన రెండు కీబోర్డులు. కుడిచేతి వైపు ప్రధాన వాద్యాలు, ఎడమచేతి వైపు తాళాలూ పక్కవాద్యాలూ, అంటే వాల్ట్జ్, డిక్సీలాండ్ బ్యాండ్ లాంటివి ఒక్క మీటతో. డబ్బున్నవాళ్ల హాల్లో, అతిథుల ముందు ఒంటిచేత్తో బ్యాండంతా మోగించే సరదా వస్తువుగా దీన్ని అమ్మారు. బ్రిటన్ రాకుమారి మార్గరెట్ కూడా ఒకటి కొన్నది. బీబీసీ 1,260 శబ్దాలున్న యంత్రాన్ని నాటకాల్లో తలుపు చప్పుళ్లకూ ఉరుములకూ తెప్పించుకుంది. వాద్యకారుల సంఘానికి తమ పొట్ట కొడుతుందేమోనని భయం పట్టుకుంది. ఆ భయం పూర్తిగా వట్టిది కాదు. ఇవాళ మన పెళ్లి ఆర్కెస్ట్రాలో కీబోర్డు కుర్రాడు ‘స్ట్రింగ్స్’ బటన్ నొక్కితే అది ఈ వంశంలోదే.

సరదా వస్తువు నుంచి దీన్ని బయటికి లాగింది మూడీ బ్లూస్ బృందంలోని మైక్ పిండర్. ఆయన మెలోట్రాన్ ఫ్యాక్టరీలోనే కొంతకాలం పనిచేసి యంత్రం లోపలంతా తెలుసుకున్నవాడు. తన మార్క్ 2లో ఎడమవైపు తాళాల టేపులు పీకేసి అక్కడా ప్రధాన వాద్యాలే పెట్టించుకున్నాడు. 1967లో మూడీ బ్లూస్ చేసిన ‘నైట్స్ ఇన్ వైట్ శాటిన్’లో పాటను మోసే తీగల నాదం అదే. ఆ పాట ఉన్న ఆల్బమ్‌లో నిజమైన ఆర్కెస్ట్రా కూడా ఉండటంతో చాలామంది ఆ నాదం ఘనతను మెలోట్రాన్‌కు కాకుండా ఆర్కెస్ట్రాకే కట్టబెట్టారు. బీటిల్స్‌కు ఈ యంత్రం మీద ఆసక్తి కలిగించినవాడూ పిండరే. ‘స్ట్రాబెరీ ఫీల్డ్స్ ఫరెవర్’ మొదట్లో వినిపించే ఫ్లూట్లు పాల్ మెకార్ట్నీ మెలోట్రాన్ మీద వాయించినవి. ఇక 1968లో వాళ్ల ‘బంగళో బిల్’ పాట మొదట్లో ఒక స్పానిష్ గిటార్ పరుగు తీస్తుంది. ఎవరో ఎంత సాధన చేసి వాయించారో అనుకుంటాం. అది మెలోట్రాన్ టేపు మీద ముందే ఉన్న ముక్క, మీట నొక్కితే చాలు!

ఆ తర్వాతి కథ ప్రోగ్రెసివ్ రాక్‌ది. కింగ్ క్రిమ్సన్ 1969లో తమ తొలి ఆల్బమ్‌లో వయొలిన్ టేపులను కొండంత గోడలుగా నిలబెట్టింది. జెనెసిస్ బృందంలో టోనీ బ్యాంక్స్ 1972 నాటి ‘వాచర్ ఆఫ్ ద స్కైస్’ ఆరంభానికి ఆ యంత్రం మీద బాగా పలికే స్వరసమూహాలనే ఎంచుకున్నాడు.  వాద్యం లోపాన్ని బట్టి సంగీతం రాయడం అంటే ఇదే.

ఊళ్లు తిప్పడం మాత్రం నరకం. పొగ, దుమ్ము హెడ్ల మీద పేరుకునేవి, కరెంటు ఒడిదుడుకులకు శ్రుతి తప్పేది, లారీ కుదుపులకు టేపులు మెలిపడేవి. 55 కిలోల ఎం400 దాదాపు 1,800 అమ్ముడైనా తిట్లూ అన్నే తిన్నది. విసిగిపోయి మెలోట్రాన్‌ను పొలంలో పెట్టి తగలబెట్టానని కీబోర్డు వాద్యకారుడు రిక్ వేక్‌మన్ ఇంటర్వ్యూల్లో తనే చెప్పుకున్నాడు. 1970ల చివర్లో తేలికపాటి సింథసైజర్లు, ఆ వెంటనే డిజిటల్ శాంప్లర్లు వచ్చేసరికి ఎవరూ వెనక్కి చూడలేదు. ఫ్యాక్టరీ 1986లో మూతబడింది.

ఇప్పుడు బ్రాడ్లీల సంస్థ మళ్లీ నిలబడింది. బ్రాడ్లీల్లో ఒకరి కొడుకు, మరో భాగస్వామి కలిసి పాత యంత్రాలు బాగుచేస్తూ 2007లో ఎం4000 అనే కొత్త టేపు యంత్రాన్ని తెచ్చారు. టేపు లేని డిజిటల్ రూపాలూ ఉన్నాయి, కంప్యూటర్లో నడిచేవీ ఉన్నాయి. మోయడానికి అవే మేలు. కానీ మీట మీద వేలి బరువుకు నాదం మారే గుణం వాటిలో దొరకడం కష్టం.

వినాలనుకుంటే ముందు లెడ్ జెపెలిన్ ‘ద రెయిన్ సాంగ్’ వినండి. గిటార్ పక్కన వయొలిన్లు ఎంత తగ్గి నిలబడ్డాయో చూడండి. తర్వాత రేడియోహెడ్ 1997లో చేసిన ‘ఎగ్జిట్ మ్యూజిక్’. డ్రమ్స్ రాకముందే ఒంటరి గొంతు వెనకనుంచి మెలోట్రాన్ బృందగానం లేస్తుంది. హెడ్‌ఫోన్లు పెట్టుకుని, పాడేవాణ్ని వదిలేసి ఆ వెనక గొంతులనే పట్టుకుంటే ఒక్కో స్వరం మొదలయ్యే చోటు విడిగా తెలుస్తుంది.