బాబాయి చేతిలో గేరు

మా బాబాయి అంబాసిడర్, పద్మిని, మారుతి 800 వరసగా నడిపారు. ఆయన ఓటు ఇప్పటికీ అంబాసిడర్‌కే; నాకైతే బండి కన్నా ఆయన చెయ్యే గొప్ప. అంబాసిడర్‌లో గేరు రాడ్డు స్టీరింగు కిందే ఉండేది. కదిలే బండిని మొదటి గేరులోకి దించాలంటే క్లచ్ తొక్కి న్యూట్రల్, వదిలి చిన్న రేజు, మళ్లీ క్లచ్. కిర్రుమనేది కాదు, వెనక సీట్లో పడుకున్న పిల్లలకు మెలకువ వచ్చేది కాదు. మండుటెండలో పెట్రోలు పైపులోనే ఆవిరై ఇంజను మొరాయిస్తే, పంపు మీద తడిగుడ్డ వేసి తాపీగా టీ తాగేవారు. శ్రీశైలం ఘాట్‌లో ఎక్కేటప్పుడు వేసిన గేరే దిగేటప్పుడూ. బ్రేకు మీద ఊరికే కాలు ఆనించి ఉంచడం ఆయన దృష్టిలో నేరం. పవర్ స్టీరింగు సుఖమే, కాదనరు. “రోడ్డు ఎలా ఉందో చేతికి తెలీదురా” అని మాత్రం సణుగుతారు.