వెనక ఎన్ని సీట్లు?

ఈ వారం ఒక టీవీ చర్చ చూసి ఒళ్లు మండింది. రేపటి జవానుకు చేతిలో తెర, హెల్మెట్‌కి కెమెరా, వీపున డ్రోన్, అన్నిటికీ బ్యాటరీలు. ఇక పదిమంది పదాతి జట్టు, అంటే సెక్షన్, దండగ, నలుగురు చాలని ఒకాయన తేల్చేశారు. ఆ బ్యాటరీలు మోసేదెవరో మాత్రం చెప్పలేదు.

మోత మీద నా గొడవ మీకు పాతదే. 1982 ఫాక్లండ్స్ యుద్ధాన్ని మళ్లీ లాక్కొస్తున్నాను, భరించండి. హెలికాప్టర్లతో వస్తున్న అట్లాంటిక్ కన్వేయర్ ఓడ మీద అర్జెంటీనా క్షిపణులు పడ్డాయి. ఓడతోపాటు చాలా హెలికాప్టర్లూ కాలిపోయాయి. ఇక నడకే గతి. బ్రిటిష్ మెరైన్లు తలా 36 కిలోల దాకా వీపున వేసుకుని, చలిలో, బురదలో, మూడు రోజుల్లో సుమారు 90 కిలోమీటర్లు నడిచారు. అంత నడిచాక చేయాల్సింది యుద్ధం!

అందుకే తక్కువమంది, తక్కువ సామాను అంటూ వచ్చాను. అరిస్తే వినబడే దూరంలో, ఒక్క నాయకుడి అదుపులో ఉండే జట్టు. రెండో ప్రపంచయుద్ధంలో 12 మందితో పోరాడిన అమెరికా పదాతి స్క్వాడ్ ఆ తర్వాత 9కి దిగింది కూడా ఈ అదుపు లెక్కతోనే.

కానీ లెక్కలో స్ట్రెచర్‌ని చేర్చి చూడండి. కొండల్లో గస్తీకి వెళ్లిన తొమ్మిదిమందిలో ఒకడికి తూటా తగిలింది. మోయడానికి నలుగురు పోతే, మిగిలేది నలుగురు. లైట్ మెషిన్ గన్ పేల్చేదెవరు, దాని తూటాలు మోసేదెవరు, ఆ కాల్పుల అండతో ముందుకు పాకేదెవరు? టీవీ ఆయన చెప్పిన నలుగురైతే స్ట్రెచర్ ఎత్తడానికే చాలరు. అమెరికన్ మెరైన్లు 1944 నుంచి స్క్వాడ్‌కి 13 మందిని పట్టుకు కూర్చున్నారు: నలుగురేసి మూడు జట్లు, పైన ఒక నాయకుడు. 2018లో 12 అన్నారు, తర్వాత 15 పెట్టి చూశారు, 2023లో మళ్లీ 13కే వచ్చారు. ఇన్నాళ్లూ దాన్ని మొండితనం అనుకున్నాను. ఇప్పుడు ముందుచూపు అంటాను. డ్రోన్ ఇవ్వండి, దాంతోపాటు మోయడానికో మనిషినీ ఇవ్వండి.

అయితే అంతమందిని బండిలో ఎక్కడ కూర్చోబెడతారు? మన మెదక్ ఫ్యాక్టరీలో, ఎద్దుమైలారంలో తయారైన సారథ్ యుద్ధవాహనంలో సిబ్బంది ముగ్గురు పోను వెనక ఏడుగురికే చోటు. సెక్షన్ ఎంతమందని ఎన్ని కమిటీలు వాదించుకున్నా, బండెక్కేసరికి సీట్లే తేలుస్తాయి. కొత్త బండి నమూనా చూపించి తుపాకీ సైజు చెప్పేవాళ్లను నేనడిగేది వెనక ఎన్ని సీట్లు పెట్టారనే.