సంత మాటల్లో యతి, కొండ నోట ‘ఱ’

చప్పుడును పోలిన మాటకు అనుకరణ శబ్దమని పేరు. గలగల, టపటప, కుతకుత వంటివి ఈ కోవలోవి. వీటిని పసిపిల్లల మాటలుగా కొట్టిపారేయడం పొరపాటు. అల్లూరి సీతారామరాజు జిల్లా హుకుంపేట మండలంలో కాఫీ పండించే ఇంటికి గలగల అనేది ఒక కొలత. కళ్లంలో ఎండుతున్న పండ్లను గుప్పెడు తీసి చెవి దగ్గర ఊపితే, లోపలి గింజ తొక్కకు తగిలి గలగలమంటుంది. అలా అంటే ఎండినట్టు. చప్పుడు లేకపోతే తడి ఇంకా ఆరలేదని మళ్లీ ఎండకు వేస్తారు. చోడి అంబలి కుతకుతమంటే ఒక మంట, ఎసరు సలసలమంటే ఇంకో మంట. వంటింట్లో ఈ రెండు మాటలూ ఒకదాని చోట ఒకటి రావు.

ఈ మాటల్లో ఒక పద్ధతి ఉంది. జంటగా వస్తే ఆగకుండా సాగే పని: గబగబా నడిచాడు, టపటపా చినుకులు పడ్డాయి. విడిగా ‘న’తో ముగిస్తే ఒక్కసారి జరిగి తీరిపోయిన పని: గబుక్కున లేచాడు, టప్పున రాలింది, పుటుక్కున తెగింది. అచ్చు మారితే బరువు మారుతుంది. గెడ్డలో నీరు బిరబిరా పోతుంది, నరికిన దుంగను మాత్రం బరబరా ఈడుస్తారు. ‘ఇ’ పలికితే చిన్నది, చురుకైనది తోస్తుంది. ‘అ’ పలికితే పెద్దది, మొరటైనది. హల్లుదీ అదే దారి. చినుకు టపటప, తలుపు మీద పిడిగుద్దులు దబదబ.

చెవికి వినపడని వాటికి కూడా తెలుగు చప్పుడు కట్టింది. తళతళ మెరుపుకూ, గజగజ వణుకుకూ, చురచుర చూపుకూ అసలు ధ్వనే లేదు. ఇలాంటి మాటలు ద్రావిడ భాషల్లోనే కాక, పక్కనున్న ఆర్య, ముండా భాషల్లోనూ పరుచుకుని ఉన్నాయని భాషాశాస్త్రవేత్త ఎమెనో 1969లో ఒక వ్యాసంలో వివరించాడు. తెలుగు, ఆదివాసీ ఒడియా, కొండ, కువి భాషల వాళ్లు ఒకే సంతకు దిగే ఈ మన్యంలో ఆ సంగతి వింతగా తోచదు.

సంతలో ఎక్కువగా వినపడే మరో పనితనం ప్రతిధ్వని పదం. పసుపూ గిసుపూ, మిరియాలూ గిరియాలూ, కాఫీ గీఫీ. మాటలో తొలి అక్షరాన్ని తీసి ‘గి’ పెడతారు, దీర్ఘముంటే ‘గీ’. దాంతో ‘పసుపు, అలాంటి ఇతర సరుకులు’ అన్న అర్థం వస్తుంది. అసలే ‘గి’తో మొదలయ్యే గిన్నెల దగ్గర ఈ సూత్రం ఆగిపోతుంది, అక్కడ ‘గిన్నెలూ గట్రా’ అని దాటేస్తారు. నియమాన్ని బడిలో నేర్వకుండానే దాని హద్దు కూడా తెలిసినవాళ్లు ఈ సంత జనం. మొట్టమొదట, చిట్టచివర, నట్టనడుమ, పట్టపగలు వంటి మాటల్లో మధ్య వచ్చి కూర్చునే ‘ట్ట’ కూడా ఇలాగే నోటికి వచ్చేస్తుంది. దానికి చిన్నయసూరి బాలవ్యాకరణం 1858లోనే సూత్రం ఇచ్చింది.

పద్యానికి దగ్గరగా తీసుకుపోయేవి జంట పదాలు. కొండా కోనా, చెట్టూ చేమా, రాయీ రప్పా, గొడ్డూ గోదా, మూటా ముల్లే, పురుగూ పుట్రా, వానా వరదా. ఈ జంటల్లో రెండో మాట మొదటి మాట హల్లుతోనే మొదలవుతుంది. అచ్చులు కూడా ఇష్టం వచ్చినట్టు రావు: కొ–కో, చె–చే, రా–ర, మూ–ము. ఛందస్సు దీన్నే యతిమైత్రి అంటుంది. అ, ఆ, ఐ, ఔ ఒక జట్టు. ఇ, ఈ, ఎ, ఏ ఇంకో జట్టు. ఉ, ఊ, ఒ, ఓ మూడోది. ఉత్పలమాల పాదంలో మొదటి అక్షరానికి పదో అక్షరం, చంపకమాలలో పదకొండో అక్షరం ఇలా జట్టు కలవాలి. పిల్లా పాపా లాంటి జంటలో హల్లు కలిసినా అచ్చు కలవదు. వాడుక దాన్నీ ఒప్పుకుంటుంది, పద్యం ఒప్పుకోదు. యతి అంటే పండితులు బయటినుంచి తెచ్చి రుద్దిన సంకెల అనే మాట తరచుగా వినపడుతుంది. చెట్టూ చేమా అనగలిగిన నోటికి యతి ఎప్పుడో తెలుసు.

శబ్దాలంకారాల్ని కూడా ఇక్కడినుంచే పట్టుకోవచ్చు. ‘చిరుజల్లు చల్లగా చినికితే చెట్టంతా చిగురు’ అంటే ఒకే హల్లు పలుమార్లు వచ్చి వృత్త్యనుప్రాస అవుతుంది. ‘కోరి వచ్చిన వాడు వాడు’ అన్నప్పుడు మొదటి వాడు మనిషి, రెండో వాడు ఉపయోగించుకోమనడం. అక్షరాలు అవే, అర్థం వేరు కాబట్టి అది యమకం. పాదాల చివర ఒకే ధ్వని వస్తే అంత్యప్రాస.

తెలుగు పద్యానికి అసలైన కట్టు మాత్రం ప్రాస. ఉత్పలమాల, చంపకమాల లాంటి వృత్తాల్లో నాలుగు పాదాల్లోనూ రెండో అక్షరపు హల్లు ఒకటే కావాలి. ఒక పాదం ‘కొండ’తో మొదలైతే తక్కినవి అండ, నిండు, గుండం లాంటి మాటలతో మొదలుకావచ్చు, మఠం గ్రామం దగ్గరి మత్స్యగుండం పేరులోని గుండం అక్కడ చక్కగా కూర్చుంటుంది. కోడి కూర్చోదు: డకారం ఉన్నా దాని ముందు సున్న లేదు.

ఈ ప్రాస దగ్గరే పాత తెలుగు రెండు రకాల ‘ర’లను వేరు చేసింది. ఊరు అంటే గ్రామం, ఊఱు అంటే స్రవించు. ఏరు అంటే ఏరడం, ఏఱు అంటే నది. నన్నయ నాటి కవులు వీటిని ఒకే ప్రాసలో కలపలేదు, ఎందుకంటే అప్పటి చెవికి అవి వేర్వేరు ధ్వనులు. తర్వాత ఉచ్చారణలో రెండూ ఒకటైపోయాయి; 1885 నాటి శబ్దరత్నాకరం లాంటి నిఘంటువుల్లో ‘ఱ’ గుర్తుగా మిగిలింది. ఇప్పటి విద్యార్థికి అది కంఠస్థం చేయాల్సిన జాబితా.

ఇదే మన్యంలోని కొండదొర గిరిజనుల భాషలో ‘ఱ’ ఇంకా ధ్వనే. కూబి అని కూడా పిలిచే ఈ కొండ భాష తెలుగుకు దగ్గరి చుట్టం. భాషాశాస్త్రవేత్త భద్రిరాజు కృష్ణమూర్తి అరకు ప్రాంతపు కొండదొరల నోట దాన్ని విని, 1969లో వెలువడిన గ్రంథంలో వర్ణించారు. నాలుక కొన ఒక్కసారి తాకి వదిలే ‘ర’ వేరు, పై పళ్ల వెనక గట్టు మీద అదిరి పలికే ‘ఱ’ వేరు. మూల ద్రావిడం నుంచి వచ్చిన ఆ తేడాను ఈ భాష వదులుకోలేదు. తెలుగు ప్రాస నియమంలో రాతగా మిగిలినది ఇక్కడ మాటగా మిగిలింది. కొండదొరల్లో చాలామందికి ఇప్పుడు ఇంటి భాష తెలుగే. కొండ మాట్లాడే ఇళ్లలో మాత్రం ఆ రెండు ధ్వనులూ విడివిడిగానే వినపడతాయి.