ఆడేవారి ప్రశ్న, తయారుచేసేవారి ప్రశ్న: మైక్రోసాఫ్ట్ – యాక్టివిజన్ తీర్పుపై ఒక పరిశీలన

పరిమితస్వామ్యం గురించి చదివేటప్పుడు సిమెంటు, విమానయానం, టెలిఫోన్ సేవల ఉదాహరణలు మీకు ఎదురై ఉంటాయి. ఈ పాఠంలో వీడియో గేముల పరిశ్రమను తీసుకుందాం. ఈ రంగంలో పెద్ద సంస్థలు చిన్నవాటిని కొనడం కొత్త విషయం కాదు. అయితే 2022 జనవరి 18న మైక్రోసాఫ్ట్ సంస్థ యాక్టివిజన్ బ్లిజార్డ్‌ను 6,870 కోట్ల డాలర్లకు కొంటున్నట్టు ప్రకటించింది. గేముల రంగంలో అప్పటివరకు అంత పెద్ద కొనుగోలు జరగలేదు. దాన్ని అడ్డుకోవాలని అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ప్రయత్నించింది. 2023 జూలైలో న్యాయమూర్తి జాక్వెలిన్ స్కాట్ కోర్లీ కమిషన్ కోరిన తాత్కాలిక నిషేధాన్ని నిరాకరించారు. అదే ఏడాది అక్టోబర్ 13న కొనుగోలు పూర్తయింది.

ఆ తీర్పును మనం ఒక పుస్తకాన్ని చదివినట్టు చదువుదాం. అది ఏ ప్రశ్నకు జవాబు చెప్పింది? ఏ ప్రశ్న దాని ముందుకే రాలేదు?

వివాదం అర్థం కావడానికి మనకు తెలిసిన ఉదాహరణ ఒకటి చూడండి. ఊళ్లో సినిమా హాలు ఉన్న యజమాని, సినిమాలు తీసే సంస్థను కూడా కొన్నాడనుకోండి. బాగా ఆడే సినిమాను తన హాల్లోనే వేసుకుని, పక్క హాలుకు ఇవ్వకపోతే? మైక్రోసాఫ్ట్‌కు ఎక్స్‌బాక్స్ అనే గేమ్ యంత్రం ఉంది. యాక్టివిజన్ చేతిలో ‘కాల్ ఆఫ్ డ్యూటీ’ ఉంది. దాన్ని సోనీ వారి ప్లేస్టేషన్‌కు అందకుండా చేస్తారన్నది కమిషన్ భయం. సరఫరా గొలుసులో పైమెట్టు సంస్థ, కిందిమెట్టు సంస్థ కలిసే ఇటువంటి దాన్ని నిలువు విలీనం అంటారని గుర్తుచేసుకోండి.

భయానికి ఆధారం లేకపోలేదు. మైక్రోసాఫ్ట్ అంతకుముందే 750 కోట్ల డాలర్లకు బెథెస్డా మాతృసంస్థ జెనిమ్యాక్స్‌ను కొన్నది. ఆ తర్వాత వచ్చిన ‘స్టార్‌ఫీల్డ్’ను 2023లో ప్లేస్టేషన్‌కు ఇవ్వలేదు. అయినా ఈసారి అలా జరగదని న్యాయమూర్తి నమ్మారు. మైక్రోసాఫ్ట్ గేముల విభాగాధిపతి ఫిల్ స్పెన్సర్ ప్రమాణం చేసి మరీ కోర్టులో మాట ఇచ్చారు. నింటెండోతో పదేళ్ల ఒప్పందం అప్పటికే ఉంది. తీర్పు వచ్చిన కొద్ది రోజులకే సోనీ కూడా అటువంటి ఒప్పందంపై సంతకం చేసింది. తర్వాతి పరిణామాలు చూసినా కోర్టు అంచనా తప్పలేదు. ‘కాల్ ఆఫ్ డ్యూటీ’ ప్లేస్టేషన్‌లో వస్తూనే ఉంది. అంతేకాదు, అంతవరకు ఎక్స్‌బాక్స్‌కే పరిమితమైన మరికొన్ని గేములను 2024 నుంచి మైక్రోసాఫ్టే సోనీ యంత్రానికి తీసుకువెళ్లింది. బ్రిటన్ నియంత్రణ సంస్థ క్లౌడ్ గేమింగ్ గురించి మొదట అభ్యంతరం చెప్పి, ఆ హక్కులను యూబీసాఫ్ట్‌కు అప్పగించాక ఒప్పుకుంది. ఆ సంగతి ఇక్కడ అంత ముఖ్యం కాదు.

తనను అడిగిన ప్రశ్నకు తీర్పు సరిగానే జవాబిచ్చింది. నా అభ్యంతరం ఆ ప్రశ్న గురించే. అది ఆటగాడి ప్రశ్న: ‘నాకు ఈ గేము దొరుకుతుందా?’ ఆ గేమును తయారుచేసేవారి సంగతి ఏమిటి?

యాక్టివిజన్ పుట్టుకను చూస్తే ఈ లోటు బాగా కనిపిస్తుంది. 1970లలో అటారీ సంస్థలో గేములు రాసే ప్రోగ్రామర్లకు జీతం తప్ప మరేమీ వచ్చేది కాదు. గేము పెట్టె మీద పేరు లేదు, అమ్మకాల్లో వాటా లేదు. తాము రాసిన గేములు కంపెనీకి ఎంత సంపాదిస్తున్నాయో తెలిశాక డేవిడ్ క్రేన్, మరి ముగ్గురు ప్రోగ్రామర్లు వెళ్లి అడిగారు. ఫలితం లేకపోయింది. బయటకు వచ్చి 1979లో యాక్టివిజన్ ప్రారంభించారు. అటారీ యంత్రానికే గేములు రాశారు, రాసినవారి పేర్లు ముద్రించారు. అటారీ దావా వేసింది. చివరికి 1982లో రాజీ కుదిరింది. యంత్రం చేసే సంస్థ వేరు, గేము చేసే సంస్థ వేరు అనే పద్ధతి అలా నిలదొక్కుకుంది. పోటీ అంటే కొనేవారికి రెండు దుకాణాలు ఉండటమే కాదు, పనిచేసేవారికి ‘ఇక్కడ కాకపోతే అక్కడ’ అనగలిగే మరో గుమ్మం ఉండటం కూడా. అలాంటి గుమ్మంగా మొదలైన సంస్థే నాలుగు దశాబ్దాల తర్వాత యంత్రం చేసే సంస్థలో కలిసిపోయింది.

‘చట్టం ఇటువంటివి చూడదు కదా’ అని మీకు అనిపించవచ్చు. చూస్తుంది. సరిగ్గా ఆ రోజుల్లోనే, 2022 అక్టోబర్‌లో, పెంగ్విన్ రాండమ్ హౌస్ అనే ప్రచురణ సంస్థ సైమన్ అండ్ షూస్టర్‌ను కొనకుండా న్యాయమూర్తి ఫ్లోరెన్స్ పాన్ ఆపారు. పుస్తకాల ధర పెరుగుతుందని కాదు. పెద్ద మొత్తంలో, అంటే 2.5 లక్షల డాలర్లు లేదా అంతకు మించి, అడ్వాన్సు అందుకునే రచయితల కోసం పోటీపడే ప్రచురణకర్తలు తగ్గిపోతారని. దీన్ని కొనేవారి గుత్తాధిపత్యం అంటాం. రెండు కేసుల్లోనూ ఆధారం 1914 నాటి క్లేటన్ చట్టంలోని 7వ సెక్షనే. అక్కడ ప్రభుత్వం రచయిత ప్రశ్న అడిగింది. గేముల కేసులో కమిషన్ ఫిర్యాదు యంత్రాలు, చందా సేవలు, క్లౌడ్ చుట్టూనే తిరిగింది. కాబట్టి తప్పు పట్టాల్సింది ముందు న్యాయమూర్తిని కాదు, కమిషన్‌ను. విలీనాలను పరిశీలించేటప్పుడు కార్మికులు, సృజనకారుల కోసం జరిగే పోటీని కూడా చూడాలని కమిషన్, న్యాయశాఖ కలిసి స్పష్టమైన మార్గదర్శకం ప్రకటించాయి. అది 2023 డిసెంబర్‌లో, కొనుగోలు పూర్తయిన రెండు నెలలకు.

2024 జనవరిలో మైక్రోసాఫ్ట్ గేముల విభాగంలో 1,900 మంది ఉద్యోగాలు పోయాయి. మే నెలలో జెనిమ్యాక్స్ ద్వారా వచ్చిన స్టూడియోలు కొన్ని మూతపడ్డాయి. వాటిలో జపాన్‌కు చెందిన టాంగో గేమ్‌వర్క్స్ ఒకటి. ఏడాది కిందటే ‘హై-ఫై రష్’ అనే గేముతో ప్రశంసలు అందుకున్న బృందం అది. దక్షిణ కొరియా సంస్థ క్రాఫ్టన్ ఆగస్టులో ఆ స్టూడియోను తీసుకుంది. మరో గుమ్మం అంటే ఇదే. ఆ గుమ్మం లేకపోయి ఉంటే ఏం జరిగేదో ఆలోచించండి.

ఈ వాదనకు అడ్డం వచ్చే రెండు సంగతులు మీ ముందు పెట్టాలి. మొదటిది, 2023, 2024 సంవత్సరాల్లో విలీనాలతో సంబంధం లేని గేమ్ కంపెనీలు కూడా వేలమందిని తొలగించాయి. ప్రతి తొలగింపునూ ఈ విలీనం ఖాతాలో రాయకండి. రెండోది మరింత ఇబ్బందికరం: అమెరికాలోని కమ్యూనికేషన్స్ వర్కర్స్ సంఘం ఈ కొనుగోలును సమర్థించింది. యూనియన్ పెట్టుకునే ఉద్యోగులకు అడ్డురానని మైక్రోసాఫ్ట్ 2022 జూన్‌లో ఆ సంఘంతో ఒప్పందం చేసుకుంది. 2024 మార్చిలో యాక్టివిజన్‌లో గేములను పరీక్షించే సుమారు 600 మంది యూనియన్‌గా ఏర్పడ్డారు కూడా. అంటే పెద్ద యజమాని చేతిలో బేరమాడే శక్తి తగ్గుతుందన్న సూత్రం ఇక్కడ నేరుగా పనిచేయలేదు. యూనియన్ వచ్చింది, తొలగింపులూ వచ్చాయి. అయితే యూనియన్‌కు దారి ఇచ్చింది ఒక ఒప్పందం, పోటీ కాదు. ఒప్పందానికి గడువు ఉంటుంది.

ఆటగాడి ప్రశ్న కూడా ‘దొరుకుతుందా’ అన్నచోట ఆగకూడదు, ‘ఎంతకు’ అని కూడా అడగాలి. గేమ్ పాస్ సేవలో పై తరగతి చందా 2024లో నెలకు 17 డాలర్ల నుంచి 20కి, 2025 అక్టోబర్‌లో 30 డాలర్లకు చేరింది.

అభ్యాసం: 2025 సెప్టెంబర్‌లో సౌదీ ప్రభుత్వ పెట్టుబడి నిధి, మరో రెండు పెట్టుబడి సంస్థలు కలిసి ఎలక్ట్రానిక్ ఆర్ట్స్‌ను 5,500 కోట్ల డాలర్లకు కొంటామని ప్రకటించాయి. అందులో సుమారు 2,000 కోట్లు అప్పు. ఆ కంపెనీకి హైదరాబాద్‌లోనూ స్టూడియో ఉంది. ఇక్కడ కొనేది యంత్రం అమ్మే సంస్థ కాదు. ఆటగాడి ప్రశ్న, తయారుచేసేవారి ప్రశ్న రెండూ దీనికి వేసి చూడండి. ఏ ప్రశ్న ఎక్కడ సరిపోలేదో ఒక పేజీలో రాయండి.