‘ఇటాలియన్ ఆఫ్ ది ఈస్ట్’: అక్షర విభజన దృష్ట్యా పునఃపరిశీలన

తెలుగును ‘ఇటాలియన్ ఆఫ్ ది ఈస్ట్’గా పేర్కొనడం పరిపాటి. 15వ శతాబ్దికి చెందిన వెనిస్ యాత్రికుడు నికొలో దె కోంటికి ఆపాదించే ఈ మాటకు ప్రధానాధారం అజంతత. అయితే ఈ పోలిక పదాంతం దగ్గరే ఆగిపోతున్నది.

అక్షర విభజనలో ఇంతకన్న గట్టి సామ్యం ఉంది. ఇటాలియన్‌లో ‘పాల’ అంటే పార, ‘పల్ల’ అంటే బంతి. తెలుగులో ‘కల’, ‘కల్ల’ అట్టివే. రెండింటా ద్విత్వం అర్థభేదకం. ఉచ్చారణలో అది రెండక్షరాలకు పంపకమవుతుంది. ద్విత్వపూర్వాక్షరం గురువనే ఛందోనియమం దీనినే సూచిస్తుంది. ఊనికలో మాత్రం భేదం స్పష్టం. ఇటాలియన్‌లో ఒకే వర్ణక్రమం గల పదం తొలి అక్షరంపై ఊనితే ‘లంగరు’, రెండవదానిపై ఊనితే ‘ఇంకా’. తెలుగులో ఊనిక అర్థాన్ని మార్చదు.

అన్యదేశ్యాల రూపసిద్ధి మరింత ఆసక్తికరం. ‘బార్’, ‘ఫిల్మ్’ పదాలను ఇటాలియన్ హలంతాలుగానే ఉంచుకుంది. తెలుగు ‘బస్సు’, ‘కారు’ అన్నది: హ్రస్వం పిదప ద్విత్వంతో ఉకారం, దీర్ఘం పిదప ఉకారం మాత్రమే. వికారాబాద్ జిల్లాలోని ‘తాండూర్’ ‘తాండూరు’గానూ వ్యవహరింపబడటం ఈ తీరులోనిదే. పొరుగునున్న ‘యాలాల్’కు ఇదే వర్తింపజేస్తే ‘యాలాలు’ అవుతుంది; అది బహువచనంగా తోస్తుంది. ఆ పేరు హలంతంగా నిలవడానికి ఇదొక కారణం కావచ్చు.

అజంతతే తెలుగుదనానికి కొలమానమైతే ఇటువంటి ఊరిపేర్లు వికృతరూపాలుగా లెక్కకు వస్తాయి. కనుక ఈ ప్రశంసను తరగతిలో ఉదాహరించేటప్పుడు ద్విత్వం, ఊనిక, రూపసిద్ధి మూడింటినీ చూపడం అవసరం.