ఎరుపులో ఏ ఎరుపు?

మా ఊరి కాలవ గట్టు మీద ఒక కొలిమి ఉంది. తాటాకు పాక. తలుపుండాల్సిన చోట గోనె పట్టా వేలాడుతుంటుంది. మిట్టమధ్యాహ్నం కూడా లోపల చీకటే. కిందటి దసరాకు వారం ముందు కొబ్బరి కత్తి పదును పెట్టిద్దామని వెళ్లి, ఆ పట్టా ఎత్తి పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాను.

“పట్టా వదిలేసి లోపలికి రండి బాబూ. వెలుగు పడితే ఎరుపు తెలవదండి” అన్నారు ఆచారి గారు, తలెత్తకుండానే.

లారీ కమాను పట్టాని కత్తిగా సాగదీస్తున్నారాయన. పక్కన కుర్రాడొకడు సమ్మెట పట్టుకున్నాడు. తోలుతిత్తి పోయి కరెంటు బ్లోయర్ వచ్చింది, దాగలి మాత్రం వాళ్ల తాతగారి నాటిదట. ఇనుము మొదట నల్లటి ఎరుపుకి వచ్చింది, తర్వాత పండుమిరప ఎరుపుకి. అది గుమ్మడిపండు రంగులోకి తిరగబోతుండగా ఆయన పట్టకారుతో బయటికి లాగారు. మొత్తం ముంచలేదు, అంచు ఒక్కటే రెండంగుళాల మేర నీళ్లలో పెట్టి తీశారు. ఆకురాయితో ఒక గీత గీసి, మెరిసిన ఆ చోటునే చూస్తూ కూర్చున్నారు. వెన్నులో మిగిలిన వేడి మెల్లగా అంచుకి పాకింది. గీత మీద వరిగడ్డి పసుపు వచ్చింది, అది ముదిరి గోధుమ రంగయింది, ఊదా తొంగిచూసేలోపు కత్తి మొత్తం నీళ్లలో పడింది. అంతా కలిపి నిమిషం పట్టలేదు. పసుపు దగ్గరే ఆపేస్తే అంచు పెళుసై కొబ్బరి మట్టకి పళ్లు ఊడతాయి, నీలం దాకా వదిలేస్తే మెత్తబడి వంగుతుంది. థర్మామీటరు లేని చోట రంగే కొలత.

ఆ గోనె పట్టా చూస్తే నాకు జపాన్ గుర్తొచ్చింది. అక్కడి కత్తి కమ్మరులు కూడా పదును పెట్టే వేళ కిటికీలు మూసేస్తారు, లేదా రాత్రి దాకా ఆగుతారు. వాళ్లలో పెద్ద పేరు మసమునెది. 13వ శతాబ్దం చివర, 14వ శతాబ్దం మొదట్లో కామకురా పట్నంలో పనిచేశాడు. గురువు షింతోగో కునిమిత్సు. మసమునె శిష్యులుగా పది మంది పేర్లు చెబుతారు: గో యోషిహిరో, నొరిషిగె వగైరా. ఆ పది మందిలో కొందరి కాలం ఆయన కాలంతో అతకదు. తర్వాతి తరాలవాళ్లు మంచి కత్తి కనిపించినప్పుడల్లా దాన్ని చేసినవాణ్ణి ఆయన శిష్యుణ్ణి చేసి ఉంటారు. మన దగ్గర మాత్రం చాటు పద్యం ఏది దొరికినా శ్రీనాథుడికి అంటగట్టలేదూ? చిత్రమేమిటంటే, మసమునె తన కత్తుల మీద సంతకం చేసింది బహు తక్కువ. శిష్యుల పనితనాన్ని బట్టే గురువుని పోల్చుకోవాల్సి వచ్చింది.

వాళ్ల పద్ధతి ఇది. ఇనుప ఇసుకని, బొగ్గుని మట్టి కొలిమిలో మూడు పగళ్లు, మూడు రాత్రులు మండించి, చివరికి ఆ కొలిమినే పగలగొట్టి ఉక్కు ముద్ద తీస్తారు. ఆ ముద్ద అంతటా ఒకేలా ఉండదు. ఒక పెచ్చులో కర్బనం ఎక్కువ, ఒక పెచ్చులో తక్కువ. అందుకని మంచి పెచ్చులు ఏరి, కాల్చి, సాగగొట్టి, మడిచి మళ్లీ కొడతారు. పది మడతలకే వెయ్యి పొరలు దాటుతాయి. తర్వాత కత్తికి మట్టి పూస్తారు, వెన్ను మీద మందంగా, అంచు మీద పలచగా. నీళ్లలో ముంచినప్పుడు అంచు గబుక్కున చల్లారి గట్టిపడుతుంది, మట్టి కప్పుకున్న వెన్ను నిదానంగా చల్లారి సాగే గుణం నిలుపుకుంటుంది. మా ఆచారి గారు రెండంగుళాలు ముంచి సాధించింది కూడా అదే, కాకపోతే ఆయనకి మట్టి పూసే తీరిక లేదు. మసమునె అంచు దగ్గర మిలమిలలాడే ఉక్కు రవలు కనిపిస్తాయి, రాత్రి ఆకాశంలో చుక్కల్లా. ఆయన కత్తికి ఇచ్చే విలువలో సగం వాటిదే.

మన ఉక్కు దారి వేరు. నిజామాబాద్ జిల్లా కోనసముద్రంలో మడతలతో పనిలేదు. అక్కడ ఉక్కుని మూసలో కరిగించేవారు. 1820లో లాంబ్టన్ భూమి కొలతల సర్వే దళంలోని వాయిసీ అనే వైద్యుడు ఆ ఊరు వెళ్లి చూసి రాసిపెట్టిన వివరాలు 1832లో అచ్చయ్యాయి. రెండు రకాల ఇనుము తీసుకుంటారు, ఒకటి మూడు పాళ్లు, ఇంకోటి రెండు పాళ్లు. కాస్త గాజు వేసి, మూసకి మట్టి మూత పెట్టి, ఒక పగలూ ఒక రాత్రీ ఆపకుండా తిత్తులు ఊదుతారు. లోపల ఇనుము కరిగి, కర్బనం అంతటా సమంగా కలిసి, అరచేతిలో ఇమిడే ముద్దగా పేరుకుంటుంది. దానికి మట్టి పూసి, మళ్లీ గంటల తరబడి కాల్చి, పెళుసుతనం తగ్గేదాకా అదే పని మళ్లీ మళ్లీ చేస్తారు. దక్షిణాదిలో ఇంకొన్ని చోట్ల మూసలో తంగేడు పుల్లలు, జిల్లేడు ఆకులు కూడా వేసేవారు. బతుకమ్మలో పేర్చే ఆ తంగేడేనండీ, ఇనుముకి కర్బనం ఇచ్చింది.

ఇంతకీ ఆ మూస దేంతో చేశారు? మట్టిలో వరి ఊక పిసికి. ఊక కాలి నల్లని బొగ్గు కణాలుగా మిగిలి, అంత మంటలోనూ మూస కారిపోకుండా నిలబెట్టింది. జపాన్ కమ్మరి కూడా మడత వేసే ముందు ఎర్రటి ముద్దని వరిగడ్డి బూడిదలో పొర్లిస్తాడు, గాలి తగిలి ఉక్కులో కర్బనం పోకుండా. మా కోనసీమలో ఊకని ఇటుక బట్టీలకి తోలేస్తాం.

వాయిసీ వెళ్లేసరికి కోనసముద్రంలో ఇస్ఫహాన్ నుంచి వచ్చిన హాజీ హుసేన్ అనే వర్తకుడు మకాం వేసి, తూకం దగ్గర స్వయంగా నిలబడి ఉన్నాడు. పర్షియాలో ఈ ఉక్కు చేద్దామని ప్రయత్నించి కుదరక, వాళ్లు ఇక్కడికే వస్తున్నారు. 17వ శతాబ్దంలోనే ఫ్రెంచి వర్తకుడు టావెర్నియే, పర్షియా కత్తుల మీద నీటి అలల్లాంటి చారలు రావాలంటే గోల్కొండ ఉక్కే కావాలని రాశాడు. లోకం మాత్రం వాటిని డమాస్కస్ కత్తులంది. అమ్మిన ఊరికి పేరొచ్చింది, వండిన ఊరికి రాలేదు. మన ‘ఉక్కు’ అన్న మాటే ఇంగ్లీషువాళ్ల నోట ‘వూట్జ్’ అయిందని ఎక్కువమంది పండితుల అభిప్రాయం. 1795లో లండన్ రాయల్ సొసైటీలో పియర్సన్ అనే వైద్యుడు దాని మీద పత్రం చదివాడు. తర్వాత శాస్త్రవేత్త ఫారడే కూడా దాని గుట్టు తేల్చాలని కూర్చున్నాడు. ఆయనా కమ్మరి కొడుకే.

ఐరోపా కమ్మరులకి ఈ ముద్ద లొంగలేదు. అలవాటు కొద్దీ తెల్లగా కాల్చి కొట్టేవారు, అది ముక్కలయ్యేది. కర్బనం ఒకటిన్నర శాతం దాకా ఉన్న ఉక్కు అంత వేడి ఓర్చదు. ఎరుపు దాటకుండా, ఓపికగా, వందల దెబ్బలతో సాగదీయాలి. అలా సాగదీస్తుంటేనే కర్బనపు గట్టి కణాలు వరసలు కట్టి, చివర ఆమ్లంతో తుడిస్తే అలలుగా బయటపడతాయి. ఖనిజంలో వెంట్రుకవాసి వనేడియం లాంటిది లేకపోతే ఆ వరసలు రావని 1998లో వెర్హోవెన్ అనే లోహశాస్త్రవేత్త, పెండ్రే అనే కమ్మరి తేల్చారు. ఎవరెంత తేల్చినా, ఏ ఎరుపు దగ్గర ఆపాలో కాగితం మీద దొరకదు.

మన కమ్మరుల పేర్లూ కాగితం మీద దొరకవు. నర్సాపురం మాకు వశిష్ఠ గోదావరి అవతలి ఒడ్డే. 1670ల నాటి ఇంగ్లీషు వర్తకుడు థామస్ బౌరీ ఆ రేవులో కట్టే ఓడల్ని, స్థానికులు చేసే మేకుల్ని, లంగర్లని మెచ్చుకున్నాడు. ఆ కమ్మరుల్లో ఒక్కడి పేరైనా రాయలేదు. మసమునె శిష్యుల జాబితా ఎంత కల్పించినదైనా, కల్పించాలని ఎవరికో అనిపించింది. నాకు కడుపుమంట అక్కడే.

జపాన్‌లో ఇప్పుడు కత్తి చేయాలంటే ప్రభుత్వ లైసెన్సు కావాలి. దానికి ముందు ఒక గురువు దగ్గర కనీసం ఐదేళ్లు శిష్యరికం. అంత భద్రంగా చూసుకునేచోట కూడా, మసమునె కత్తుల్లో మేటి అనే హోంజో మసమునెని 1945 డిసెంబరులో అమెరికా ఆక్రమణ సైన్యం ఆజ్ఞ ప్రకారం పోలీస్ స్టేషన్‌లో అప్పగిస్తే, మళ్లీ కంటికి కనబడలేదు.

ఆచారి గారి పాకలో ఒక మూల రెండు పొడవాటి కత్తులు గుడ్డలో చుట్టి ఉన్నాయి. అమలాపురం దసరాలో చెడీ తాలింఖానా ఆడేవాళ్లవట, సాన పట్టడానికి ఇచ్చారు. కళ్లకి గంతలు కట్టుకుని, మనిషి మీద పెట్టిన కాయగూరని మనిషికి గీత పడకుండా నరికే విద్య అది.

“అబ్బాయికి నేర్పించలేదా ఆచారి గారూ?” అన్నాను.

“హైదరాబాదులో ఏసీలు బిగిస్తాడండి. ఈడు మా చెల్లెలి మనవడు, ఈడే చూస్తున్నాడు.”

కుర్రాడు రెండో కత్తి అంచు ముంచి తీసి, గీత గీసి, పసుపు రంగు కనబడగానే గబుక్కున మొత్తం నీళ్లలోకి తోశాడు. ఆచారి గారు ఏమీ అనలేదు. కత్తి పైకి లాగి, వేలిగోటితో అంచు మీటి విని, తిరిగి నిప్పుల్లో పెట్టారు.

“పట్టా సరిగ్గా దించు” అన్నారు.